హార్మోన్ ‘నిరోధక’ క్యాన్సరా, ‘లొంగని’ క్యాన్సరా?

సందేహం: మా నాన్నగారికి ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్. హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తున్నా, రక్తపరీక్షలో ఈ జబ్బు తీరును తెలిపే పీఎస్ఏ మళ్లీ పెరుగుతోంది. ఒక కరపత్రంలో దీన్ని ‘హార్మోన్ నిరోధక క్యాన్సర్’ అన్నారు, మరొకదానిలో ‘హార్మోన్ చికిత్సకు లొంగని క్యాన్సర్’ అన్నారు. రెండోది చదివిన అమ్మ ఇక మందే లేదనుకుని కుంగిపోయింది. ఏ మాట సరైనది?

సమాధానం: ‘నిరోధక’ ఇక్కడ పొసగదు. వ్యాధినిరోధక శక్తి వ్యాధిని అడ్డుకుంటుంది, గర్భనిరోధక మాత్ర గర్భం రాకుండా ఆపుతుంది. అంటే ఈ సమాసాల్లో ముందున్న పదం అడ్డుకోబడేదాన్ని చెబుతుంది. ఆ లెక్కన ‘హార్మోన్ నిరోధక క్యాన్సర్’ అంటే హార్మోన్‌ను అడ్డుకునే క్యాన్సర్ అని అర్థం వస్తుంది. హార్మోన్‌ను అడ్డుకునేది మందు, ఆ అడ్డును తట్టుకుని పెరిగేది జబ్బు. మందుకు చెందవలసిన విశేషణాన్ని తెచ్చి జబ్బుకు తగిలించారన్నమాట.

‘లొంగని’ తప్పు కాదు, ‘మందులకు లొంగని క్షయ’ అని అందరూ అంటున్నదే. అయితే మీ అమ్మగారిని భయపెట్టినది ఆ మాటలోని వ్యాకరణమే. లొంగిన, లొంగుతున్న, లొంగే అని ఔననేటప్పుడు మనకు కాలాన్ని బట్టి వేర్వేరు రూపాలున్నాయి. కాదనేటప్పుడు ‘లొంగని’ ఒక్కటే. నిన్న రాని బస్సూ ‘రాని’ బస్సే, రేపు రాని బస్సూ ‘రాని’ బస్సే. అందువల్ల ‘లొంగని క్యాన్సర్’ అనగానే ఎన్నడూ లొంగనిది, ఇకమీదటా దేనికీ లొంగనిది అని వినబడుతుంది. మీ నాన్నగారి విషయంలో జరిగినది అది కాదు. కొంతకాలం అణిగి ఉన్న జబ్బు ఇప్పుడు తలెత్తింది.

వైద్యులు కూడా ఈ స్థితికి పేరు మార్చుకున్నారు. వృషణాలు తొలగిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని చార్లెస్ హగిన్స్ 1941లో చూపారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్యాన్సర్‌ను పెంచే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది వృషణాల్లోనే. ఇంజెక్షన్ చేసేదీ ఆ హార్మోన్‌ను తగ్గించే పనే, శస్త్రచికిత్స లేకుండా. టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపుకు పడిపోయినా జబ్బు పెరుగుతుంటే, మునుపు ‘హార్మోన్ రిఫ్రాక్టరీ’, అంటే హార్మోన్ చికిత్సకు ఇక స్పందించనిది, అనేవారు. కానీ అడ్రినల్ గ్రంథుల నుంచి, కణితి నుంచి కూడా కొద్దికొద్దిగా పురుష హార్మోన్ పుడుతుందని, క్యాన్సర్ కణాలు ఆ కాస్తతోనే బతకగలవని తేలింది. హార్మోన్‌తో వాటికి సంబంధం తెగలేదు గనుక ఇప్పుడు ‘క్యాస్ట్రేషన్ రెసిస్టెంట్’, అంటే వృషణాల హార్మోన్‌ను ఆపినా తట్టుకునేది, అంటున్నారు.

ఆ తెగని సంబంధమే చికిత్సకు దారి. అబిరాటెరోన్ ఆ కొద్దిపాటి హార్మోన్ తయారీని ఆపుతుంది. ఎంజాలుటమైడ్ కణంలో హార్మోన్ అంటుకునే చోటును ఆక్రమిస్తుంది. ఆయుష్షును పెంచుతుందని 2004లో రుజువైన డోసిటాక్సెల్ కీమో ఉంది, దాని తర్వాత కబాజిటాక్సెల్ ఉంది. జబ్బు ముఖ్యంగా ఎముకల్లో ఉండి నొప్పి పెడుతుంటే రేడియం-223 అనే రేడియోధార్మిక మందు, బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పు ఉంటే ఒలాపరిబ్, ప్రత్యేక స్కాన్‌లో కణాలపై పీఎస్ఎంఏ అనే ప్రొటీన్ కనబడితే లుటీషియం అనే మరో రేడియోధార్మిక చికిత్స ఇస్తారు. ఇవి జబ్బును సమూలంగా తీసేసేవి కావు, అదుపు చేసేవి. ఇంతకుముందు ఏవి వాడారన్నదాన్ని బట్టి వైద్యులు ఎంచుతారు. పాత ఇంజెక్షన్‌ను మాత్రం సాధారణంగా ఆపరు, కాబట్టి ‘హార్మోన్ చికిత్స విఫలమైంది’ అనే వాక్యాన్ని కూడా నేను రాయను.

నా ఓటు ‘హార్మోన్ చికిత్సను తట్టుకుంటున్న క్యాన్సర్’కు. ‘ఆయన కీమోను తట్టుకోగలరా’ అని రోగి గురించి కూడా అంటాం గాని, పక్కనే ‘క్యాన్సర్’ ఉన్నప్పుడు తికమక రాదు. ‘తట్టుకుంటున్న’లో ఇప్పటి సంగతి అని తెలుస్తుంది, ఏ చికిత్సనో కూడా స్పష్టంగా ఉంటుంది. అమ్మగారికైతే ఇలా చదివి వినిపించండి: “ఇన్నాళ్లూ ఇంజెక్షన్‌కు అణిగి ఉన్న జబ్బు ఇప్పుడు దాన్ని తట్టుకుని పెరుగుతోంది. ఇంజెక్షన్‌కు తోడుగా ఇంకో మందు కావాలి. అది ఏదో డాక్టరుగారితో మాట్లాడదాం.”