‘ఫీజులో సగం’ అంటే ఎందులో సగం?

ప్రశ్న: మాది పాత గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తాగా చేస్తున్నాను. వయసు 38. జీతం నెలకు 34 వేలు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చిన నెల మాత్రం సగం జీతమే వస్తుంది. సీజన్ చివర్లో షావుకారు ఒక 40 వేలు ఇస్తారు. మా ఆవిడ జాకెట్లు కుట్టి నెలకు 9 వేల దాకా తెస్తుంది. పాప ఎనిమిదో తరగతికి, బాబు నాలుగుకు వస్తున్నారు. ఇప్పటి స్కూల్లో ఇద్దరికీ కలిపి ఏడాదికి 1,12,000 అవుతోంది. పాప ఒక పెద్ద స్కూలువాళ్ల స్కాలర్‌షిప్ టెస్టు రాస్తే ఫీజులో సగం రాయితీ ఇస్తామన్నారు. ఇద్దర్నీ అక్కడే చేర్పిద్దామని ఉంది. తక్కువపడే డబ్బుకు మా ఆవిడ నాలుగు కాసుల హారం తాకట్టు పెట్టాలా, స్కూల్లో చెబుతున్న వడ్డీ లేని ఈఎంఐ తీసుకోవాలా, చిట్టీ పాడేయాలా? ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు ఏమైనా వస్తాయా? శనివారంలోగా 10 వేలు అడ్వాన్సు కట్టమంటున్నారు. బ్యాంకులో 22 వేలు ఉన్నాయి.

జవాబు: శనివారం అడ్వాన్సు కట్టకండి. మిగతా సంగతులు ఆ తర్వాత.

ఏప్రిల్ వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తాయి. ఊళ్లు వేరు, ఉద్యోగాలు వేరు, చేసే పొరపాటు మాత్రం ఒకటే. ఒక్క ఏడాదికి ఇచ్చిన రాయితీ కాగితం పట్టుకుని పదో తరగతి దాకా లెక్క వేసేసుకుంటారు. మీదే తీసుకోవడానికి కారణం, మీరు ఖర్చులన్నీ దాచకుండా రాశారు, ఆ కాగితం ఫొటో కూడా పంపారు.

ఆ ఫొటోని పెద్దది చేసి చూశాను. పైన పాప పేరు, పక్కన ఎర్రటి అక్షరాల్లో 50 శాతం. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మూడు మాటలు: రాయితీ ట్యూషన్ ఫీజు మీద మాత్రమే, ఈ విద్యా సంవత్సరానికి మాత్రమే, వచ్చే ఏడాది కొనసాగింపు మార్కులను బట్టి, యాజమాన్యం నిర్ణయం మేరకు. ఎన్ని మార్కులో రాయలేదు. అసలు మెలిక అక్కడుంది. 85 శాతం రావాలని రాస్తే పాప ఆ గీత దాటిందో లేదో మీరే చూసుకోవచ్చు. ఏమీ రాయకపోతే ఆ గీత ఎక్కడుందో వాళ్లకు మాత్రమే తెలుసు.

ఇప్పుడు ‘సగం’ సంగతి. మీరు రాసిన ప్రకారం పాపకు ట్యూషన్ 70 వేలు, పుస్తకాలూ యూనిఫాం 18 వేలు, ఫౌండేషన్ మెటీరియల్ 14 వేలు, బస్సు 28 వేలు. మొత్తం 1,30,000. తగ్గేది 35 వేలు. అంటే సగం కాదు, పావు కంటే కాస్త ఎక్కువ. మీరు కట్టాల్సింది 95 వేలు. బాబుకు రాయితీ లేదు, వాడికి బస్సుతో సహా 94 వేలు. ఇద్దరికీ 1,89,000. అన్నీ కలిపితే మీ ఇంటి ఏడాది ఆదాయం 5,39,000. అందులో మూడో వంతుకు పైగా స్కూలుకే పోతుంది.

అద్దె 9 వేలు, ఇంటి ఖర్చు 16 వేలు, బండి వాయిదా 3,200, మనీబ్యాక్ పాలసీ 2,500, చిట్టీ 5 వేలు. నెలకు 35,700, ఏడాదికి 4,28,400. ఇక మిగిలేది 1,10,600. ఇప్పటి స్కూలు ఫీజు 1,12,000! అంటే ఇప్పుడే కొనకు కొన నడుస్తున్నారు. బ్యాంకులో 22 వేలే ఉన్నాయంటే మీరు దుబారా మనిషని కాదు, లెక్క అలా ఉంది. కొత్త స్కూలుకు మారితే 78,400 లోటు. మీ ఉత్తరమంతా ఈ లోటు ఈ ఒక్క జూన్‌తో తీరిపోతుందన్నట్టు ఉంది. తీరదు. వచ్చే జూన్‌లో మళ్లీ వస్తుంది, ఫీజులు పెరుగుతాయి కాబట్టి ఇంకాస్త పెద్దదై వస్తుంది. మొదటి ఏడాది హారం పెడతారు, రెండో ఏడాది గాజులు. మూడో ఏడాది నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో తెస్తారు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. 2015 డిసెంబరులో మా విజయవాడ కాల్‌మనీ అధిక వడ్డీ అప్పుల వ్యవహారం రాష్ట్రమంతా మోగింది కదా. అంతకుముందూ ఆ తర్వాతా అలాంటి అప్పుల కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి, వాటిలో కొన్ని స్కూలు ఫీజుతోనే మొదలయ్యాయి.

హారం గురించి ఇంకో మాట. ఆసుపత్రి కోసం పెడితే నేను నోరెత్తను. ప్రతి ఏడూ వచ్చే ఖర్చుకు బంగారం పెట్టేవాళ్లు దాన్ని విడిపించేది ఏ డబ్బుతో? మీ లెక్కలో ఆ డబ్బు నాకు కనబడలేదు.

వడ్డీ లేని ఈఎంఐ అంటే నాకు చిరాకు. లక్ష రూపాయలకు చూద్దాం. ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తామన్నారని మీరే రాశారు, అంటే 95 వేలతో అయిపోతుంది. ఈఎంఐ పెట్టుకుంటే ఆ తగ్గింపు పోయింది. పైగా ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం, అంతా 2,360 ముందే కట్టాలి. ఆ తర్వాత పది నెలలు పదేసి వేలు. వడ్డీ కట్టి చూస్తే ఏడాదికి సుమారు 17 శాతం పడుతోంది. ఇది వడ్డీ లేకపోవడమా? పైగా అప్పిచ్చేది స్కూలు కాదు, ఫైనాన్స్ కంపెనీ. మధ్యలో పిల్లల్ని మాన్పించినా వాయిదా ఆగదు. ఖాతాలో డబ్బు లేక ఒక్కసారి బౌన్స్ అయితే బ్యాంకు ఒకవైపు, కంపెనీ ఒకవైపు చార్జీలు వేస్తాయి, సిబిల్‌లో మచ్చ పడుతుంది. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి అప్పులన్నిటికీ అసలు ఖర్చు ఎంతో చెప్పే కేఎఫ్ఎస్ పత్రం ముందుగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. కౌంటరులో ఉన్న అబ్బాయిని ఆ కాగితం అడిగి చూడండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచినప్పుడు నా దగ్గరకు ఒక జంట వచ్చారు. అచ్చం మీలాంటి లెక్కే. చిన్న మిక్సీ రిపేరు కొట్టు, కొడుకు తొమ్మిదో తరగతి, స్కాలర్‌షిప్ పోగా మిగిలిన ఫీజుకు ఈఎంఐ. నీళ్లు తీశాక వాళ్లింటికి వెళ్లాను. మెట్ల మీద వరసగా అబ్బాయి నోటుపుస్తకాలు ఆరబెట్టారు. నీలం ఇంకు పేజీలన్నిటికీ పాకి, ఏది లెక్కలో ఏది సైన్సో తెలియడం లేదు. ఆవిడ ఒక్కో కాగితం విడదీస్తుంటే పక్కన ఫోన్లో వాయిదా బౌన్స్ అయిందని మెసేజ్. కొట్టు నెలన్నర తెరవలేదు. అబ్బాయికి హాఫ్ ఇయర్లీలో మార్కులు తగ్గాయి, మరుసటి ఏడాది రాయితీ తీసేశారు. ఆదాయం, మార్కులు, రాయితీ ఒకేసారి పోతాయని వాళ్లు అనుకోలేదు. ఇవి విడివిడిగా పోవు. ఇంట్లో కష్టం వస్తే పిల్లల చదువు మీద పడుతుంది, చదువు మీద పడితే రాయితీ మీద పడుతుంది. డబ్బు మరీ అవసరమైన ఏడాదే ఈ స్కాలర్‌షిప్ చేయిజారుతుంది. అందుకే దీన్ని నేను ఆదాయం కింద రాయనివ్వను. వాళ్ల దగ్గర లక్షన్నర ఆపద నిధి ఉండుంటే ఆ ఏడాది గట్టెక్కేది.

మీకు వరద అక్కర్లేదు, యార్డే చాలు. సెలవుల నెల సగం జీతం, ఆ వెంటనే జూన్‌లో స్కూళ్లు తెరవడం, ఫీజు మొదటి టర్ము. ధర పడిపోయి సరుకు కోల్డ్ స్టోరేజీల్లో ఆగిపోయిన ఏడాది షావుకారు 40 వేలు ఇస్తారా? మీ ఆరు నెలల ఖర్చు ఎంతో చూద్దాం. నెలకు 35,700, దానికి ఇప్పటి ఫీజులో నెల వాటా 9,300 కలపండి. చాలామంది ఫీజు వదిలేసి ఆపద నిధి లెక్క వేస్తారు, ఉద్యోగం పోయిన నెల స్కూలు ఊరుకుంటుందా? నెలకు 45 వేలు, ఆరు నెలలకు 2,70,000. ఇది బ్యాంకులో చేరేదాకా స్కూలు మార్చే మాట ఎత్తొద్దనేవాణ్ని. మీకు ఒక దారి ఉంది కాబట్టి అనడం లేదు.

అది మీ చిట్టీ. రెండున్నర లక్షల చిట్టీ, 50 నెలలు, ఇంకా 19 మిగిలాయి, నడిపేది మీ షావుకారే అని రాశారు. ఉత్తరంలో ఈ ముక్క చూసి కాసేపు ఆగిపోయాను. జీతమిచ్చేదీ ఆయనే, బోనస్ ఇచ్చేదీ ఆయనే, 31 నెలలుగా మీ పొదుపు ఉన్నదీ ఆయన దగ్గరే. ఒక్క సీజన్ ఆయనకు బాగోకపోతే మూడూ ఒకేసారి ఆగుతాయి. ఆయన మంచివారే కావచ్చు, నేను అంటున్నది మిర్చి ధర గురించి. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీ కాకపోతే అడగడానికి మీ చేతిలో పుస్తకం తప్ప కాగితం ఉండదు. అందుకని చిట్టీ పాడండి, కానీ ఫీజుకు కాదు. సీజన్ సొమ్ము తిరుగుతున్న ఈ రెండు మూడు నెలల్లో పాట తక్కువలో పోయే రోజు చూసి పాడి, వచ్చిందంతా వేరే బ్యాంకులో మీ ఇద్దరి పేర ఎఫ్‌డీ వేయండి. ఒకే ముక్కగా కాదు, యాభై వేల చొప్పున. ఒకటి విరగ్గొట్టాల్సి వస్తే మిగతావి కదలవు. ఉన్న 22 వేలు కలిస్తే 2,70,000కు దగ్గరికి వస్తారు. మిగిలిన వాయిదాలు ఎటూ కడుతున్నవే. 19 నెలల తర్వాత ఆ 5 వేలు విడిగా ఫీజు ఖాతాలోకి.

ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు అడిగారు. మీ కేసులో పెద్దగా లేవు. ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఏడాదికి 12 వేలు ఇస్తుంది, కానీ అది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లు మన దగ్గర ఒకటో తరగతి ప్రవేశానికి, బాబు దాటేశాడు. తల్లికి వందనం ప్రైవేటు బడి పిల్లలకూ వస్తుంది, తల్లి ఖాతాలో 13 వేలు పడుతుంది. కానీ పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటకూడదు, మీది దానికి మూడున్నర రెట్లు. పక్కింటివాళ్లకు పడిందని మీ బడ్జెట్‌లో రాసుకోకండి. ఫీజుకు ఆదాయపు పన్ను మినహాయింపు కూడా అడిగారు, మీ ఆదాయానికి పన్నే పడదు. బాబు ఐదో తరగతికి వచ్చాక ఆరో తరగతి ప్రవేశానికి నవోదయ పరీక్ష రాయించండి. ఆదాయ పరిమితి లేదు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే కాబట్టి టౌనువాళ్లకు పోటీ ఎక్కువ, అయినా రాయించండి.

మీ మనీబ్యాక్ పాలసీలో బీమా రెండున్నర లక్షలు. మీరు లేకపోతే ఇంటికి ఆరు నెలలు కూడా రాదు. 50 లక్షల టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ కూడా లేదు. మీ జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ ఉండదు, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా కూడా కావాలి. ఇవి రెండూ లేకుండా స్కూలు మార్చడం గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు, అయినా మాట్లాడుతున్నాను.

బాబును కదిలించకండి. నాలుగో తరగతికి 94 వేలు పెట్టి మీరు కొనేదేమిటో నాకు అర్థం కాలేదు. పాప ఒక్కతే మారితే పాపకు 95 వేలు, బాబుకు ఇప్పటి స్కూల్లో 50 వేలు, ఇద్దరి ఫీజు 1,45,000, లోటు 34,400. అందులో 28 వేలు బస్సుదే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకూ టికెట్ లేదు. స్కూలు అమరావతి రోడ్డు మీద అంటున్నారు, స్కూలు వేళకు మీ వైపు నుంచి నేరుగా వెళ్లే బస్సుందేమో మీ ఆవిడ రెండు రోజులు పాపతో వెళ్లి చూడమనండి. ఎనిమిదో తరగతి అమ్మాయిని ఒంటరిగా పంపాలా వద్దా అన్నది ఆవిడ నిర్ణయం, నాది కాదు. అది కుదిరితే లోటు 6,400కు దిగుతుంది, దాన్ని జాకెట్ల డబ్బులోంచి సర్దుకోవచ్చు. కుదరకపోతే పాప ఇప్పటి స్కూల్లోనే పదో తరగతి రాస్తుంది, ఆకాశం కూలిపోదు.

శనివారం స్కూలుకు వెళ్లండి, డబ్బు లేకుండా. పదో తరగతి దాకా రాయితీ నిలవాలంటే ఏడాదికి ఎంత శాతం రావాలి, పాప జబ్బుపడి పరీక్ష తప్పితే ఏం చేస్తారు, మానేస్తే అడ్వాన్సు తిరిగి ఇస్తారా, ఈ మూడూ వాళ్ల లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు వేసి ఇమ్మనండి. శనివారం దాటితే సీటు ఉండదని అంటారు. మేలో మళ్లీ వాళ్లే ఫోన్ చేస్తారు. జవాబులు వచ్చాక ఇంకోసారి రాయండి, చిట్టీ పుస్తకం మొదటి పేజీ ఫొటో కూడా జత చేయండి.