కొత్త వైడ్ రిసీవర్ వస్తే ఏం మారుతుంది? 2018లో డాలస్‌లో నేను చూసినది

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక జట్టు కొత్తగా ఒక వైడ్ రిసీవర్‌ను తెచ్చుకుంటే ఆటలో నిజంగా ఏమి మారుతుంది? బంతి పట్టుకునే ఒక్క మనిషి కోసం అంత మూల్యం చెల్లించడం సబబేనా?

ఈ ప్రశ్నను 2018 అక్టోబరులో ఎవరైనా నన్ను అడిగి ఉంటే, సబబు కాదని ఒక్క మాటలో తేల్చి ఉండేవాడిని. నేను డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో అప్పటికి ఆరేళ్లుగా ఉంటున్నాను. మా ఆఫీసులో సగం మంది డాలస్ కౌబాయ్స్ అభిమానులు; మిగిలిన సగంలో చాలామంది నాలాగే తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చి, ఆదివారాలు టీవీ ముందు కూర్చుని ఈ ఆటను మెల్లగా వంటబట్టించుకున్నవారు. ఆ నెల 22వ తేదీన కౌబాయ్స్ యాజమాన్యం ఓక్లాండ్ రైడర్స్ నుంచి అమారి కూపర్ అనే ఇరవై నాలుగేళ్ల వైడ్ రిసీవర్‌ను తీసుకుని, బదులుగా మరుసటి ఏటి డ్రాఫ్ట్‌లో తనకు రావలసిన మొదటి రౌండ్ వంతును ఇచ్చేసింది. కళాశాలల నుంచి వచ్చే కుర్రాళ్లను ఎంచుకోవడానికి ఏటా ఒకసారి జరిగే ఆ డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ వంతు కన్నా విలువైనది ఏ జట్టు దగ్గరా ఉండదు. కూపర్ ఆ ఏడాది ఓక్లాండ్ తరఫున ఆరు ఆటల్లో 22 క్యాచ్‌లతో 280 గజాలు మాత్రమే చేశాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మేమందరం ఇది దుబారా అన్నాము. ఆ తరువాతి తొమ్మిది ఆటలు నా అభిప్రాయాన్ని పూర్తిగా మార్చాయి. నా జవాబు వాటి మీద ఆధారపడినదే.

ఆట తెలియనివారి కోసం కొద్దిగా చెబుతాను. ఒక్కో వైపు 11 మంది ఆడతారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు జరగాలి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. మైదానం అంచుల దగ్గర దూరంగా నిలబడి, ముందే నిర్ణయించుకున్న దారిలో పరుగెత్తి దాన్ని అందుకునేవాడు వైడ్ రిసీవర్. ఆ దారికి రూట్ అని పేరు. ఎదుటి పక్షంలో అతడికి ఎదురు నిలిచేవాడు కార్నర్‌బ్యాక్, అందరికన్నా వెనుక నిలబడి కాపు కాసేవారు సేఫ్టీలు.

2018 సీజన్ మొదట్లో కౌబాయ్స్ పరిస్థితి ఏమిటంటే, ఏళ్ల తరబడి వారి ప్రధాన రిసీవర్‌గా ఉన్న డెజ్ బ్రయంట్‌ను ఏప్రిల్‌లో వదులుకున్నారు. పదిహేను సీజన్లు ఆడిన టైట్ ఎండ్ (ముందు వరుస చివర నిలబడి, అడ్డుకోవడమూ బంతి అందుకోవడమూ రెండూ చేసేవాడు) జేసన్ విటెన్ మే నెలలో విరమించుకున్నాడు. మిగిలిన బలమల్లా బంతిని చేతబట్టుకుని పరుగెత్తే ఎజికీల్ ఎలియట్. ఆ సంగతి ఎదుటి జట్లన్నిటికీ తెలుసు కనుక, వారు ఒక సేఫ్టీని ముందుకు దించి, అతడి దారికి అడ్డంగా మనుషులను గుమిగూర్చేవారు. బయటి అంచున ఉన్న రిసీవర్‌ను ఒక్క కార్నర్‌బ్యాక్‌కే వదిలేసినా వారికి ప్రమాదం ఉండేది కాదు. ఏడు ఆటల తరువాత కౌబాయ్స్ లెక్క మూడు గెలుపులు, నాలుగు ఓటములు.

మంచి రిసీవర్ తెచ్చే మొదటి మేలు ఇక్కడే ఉంది, అది క్యాచ్‌ల పట్టికలో కనిపించదు. ఇన్నింగ్స్ చివర్లో భారీ షాట్లు కొట్టగల బ్యాటర్ క్రీజులో ఉన్నప్పుడు కెప్టెన్ ఫీల్డర్లను బౌండరీ గీత దగ్గరికి పంపక తప్పదు, అప్పుడు లోపల ఖాళీలు తెరుచుకుంటాయి. రిసీవర్ విషయమూ అంతే. అతడు ఒంటరి కార్నర్‌బ్యాక్‌ను దాటిపోగలడన్న భయం పట్టుకున్న డిఫెన్స్ తన సేఫ్టీలలో ఒకరిని అతడి వైపు వెనక్కి జరుపుతుంది. ఆ జరిగిన మనిషి ఇక పరుగును ఆపే గుంపులో ఉండడు. అంటే రిసీవర్ వైపు బంతి రాని డౌన్‌లో కూడా అతడు ఎదుటి పక్షంలో ఒక మనిషిని ఆటకు దూరంగా పట్టి ఉంచుతున్నాడు. అదే సమయంలో, అప్పటిదాకా ఎదుటి జట్టు అత్యుత్తమ కార్నర్‌బ్యాక్‌తో తలపడుతూ వచ్చిన రెండవ, మూడవ రిసీవర్లకు అంతకన్నా తేలికైన ప్రత్యర్థులు ఎదురవుతారు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన మైకల్ గాలప్ అనే కుర్రవాడు సీజన్ గడిచేకొద్దీ కుదురుకోవడానికి ఇది కొంత కారణమని నేను నమ్ముతాను.

టీవీలో ఇది తెలియదు. బంతి స్నాప్ అయిన వెంటనే, అంటే డౌన్ మొదలుపెడుతూ దాన్ని క్వార్టర్‌బ్యాక్‌కు వెనక్కి అందించగానే, కెమెరా క్వార్టర్‌బ్యాక్ మీద నిలుస్తుంది, రిసీవర్లూ సేఫ్టీలూ తెర బయటికి వెళ్లిపోతారు. నేను ఈ విషయాన్ని మొదటిసారి గ్రహించినది 2018 డిసెంబరు 9న, ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో. మా మేనేజరు దగ్గర ఒక టికెట్టు మిగిలితే నాకు ఇచ్చారు. అందరికన్నా పై అంతస్తులో సీటు. ఆటగాళ్ల ముఖాలు కనిపించవు కానీ ఇరవై ఇద్దరూ చదరంగం బల్ల మీది పావుల్లా కనిపిస్తారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా ఆ జట్టు ఆటలు చూస్తున్న మనిషి, బంతిని చూడవద్దు, స్నాప్‌కు ముందు సేఫ్టీలు ఎక్కడ ఉన్నారో చూడమని చెప్పాడు. మొదటి అర్ధభాగమంతా నేను అదే చూశాను. ఆ రోజు నుంచి నా కంటికి ఇది వేరే ఆట.

ప్రత్యర్థి ఫిలడెల్ఫియా ఈగిల్స్. మూడు పాదాల (క్వార్టర్ల) పాటు పాయింట్లు అంతంతమాత్రంగా సాగిన ఆట చివరి పాదంలో ఒక్కసారిగా తెరుచుకుంది. కూపర్ 28 గజాల టచ్‌డౌన్ (బంతితో ఎదుటివారి గోల్ గీత దాటడం) ఒకటి, 75 గజాలది మరొకటి చేశాడు. ఈగిల్స్ రెండుసార్లూ సమం చేశారు. అదనపు సమయంలో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ విసిరిన బంతి కార్నర్‌బ్యాక్ చేతికి తగిలి గాలిలోకి లేచింది. దాన్ని అందుకుని గోల్ గీత దాటినవాడు కూపరే. 29-23తో కౌబాయ్స్ గెలిచారు. అతడికి ఆ ఒక్క రోజే పది క్యాచ్‌లు, 217 గజాలు, మూడు టచ్‌డౌన్‌లు. ఈగిల్స్ కార్నర్‌బ్యాక్‌లలో ప్రధానమైనవారు గాయాలతో ఆటకు దూరమయ్యారన్నది కూడా నిజాయితీగా చెప్పవలసిన మాటే. అయినా ఎదుటివారి బలహీనత ఎక్కడుందో చూసి అక్కడ దెబ్బ కొట్టగల మనిషి అక్టోబరు దాకా ఆ జట్టులో లేడు.

రెండవ మేలు క్వార్టర్‌బ్యాక్‌కు దొరికే నమ్మకం. దీన్ని నేను చూసి కాక ఆడి తెలుసుకున్నాను. మా ఆఫీసు జట్టు శనివారాల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడేది. అంటే ఎవరినీ కిందపడేయకుండా, నడుముకు కట్టుకున్న జెండా గుంజితే డౌన్ ముగిసిపోయే ఆట. ఒక సీజన్‌లో బంతి విసిరే పని నాకు అప్పగించారు. ఎదుటివాడు మీదికి వచ్చేలోగా నాకు దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. రిసీవర్ తిరిగి చూసిన తరువాత విసురుదామనుకుంటే అప్పటికే ఆలస్యం అయిపోతుంది. అతడు మలుపు తిరగకముందే, అతడు ఇంకా చేరని చోటికి బంతిని పంపాలి. ఏడాదిగా కలిసి ఆడుతున్న మిత్రుడికి కళ్లు మూసుకుని విసరగలిగేవాడిని. కొత్తగా చేరిన వేగవంతుడైన కుర్రవాడికి విసిరిన బంతులు నాలుగు వారాల పాటు ఒకటి ముందు, ఒకటి వెనుక పడ్డాయి. అతడి తప్పు లేదు, నా తప్పూ లేదు. అతడు ఎన్నవ అడుగులో తిరుగుతాడో నా చేతికి ఇంకా తెలియదు.

అందుకే కొత్త రిసీవర్ ఎంత వేగంగా పరుగెత్తుతాడన్నది కాక, ప్రతిసారీ అదే అడుగులో అదే చోట తిరుగుతాడా అన్నది నేను ముందు చూస్తాను. కూపర్ ప్రత్యేకత అదే. అడ్డుకోవడానికి చేతులు చాచిన కార్నర్‌బ్యాక్‌ను మొదటి రెండు మూడు అడుగుల్లోనే తప్పించుకుని, కొలిచి గీసినట్టుగా రూట్ పరుగెత్తేవాడు. పైగా అతడు చేరిన వారం జట్టుకు ఆట లేదు కాబట్టి, నవంబరు 5న టెనెసీ టైటన్స్‌తో ఆడే నాటికి సాధనకు సరిగ్గా రెండు వారాలు దొరికాయి. ఆ ఆటలో అతడు ఒక టచ్‌డౌన్ చేసినా జట్టు 28-14తో ఓడింది. మూడు గెలుపులు, ఐదు ఓటములు. మా ఆఫీసులో మళ్లీ పెదవి విరుపులు. కానీ ఆ తరువాతి ఎనిమిది ఆటల్లో కౌబాయ్స్ ఏడు గెలిచారు. థ్యాంక్స్‌గివింగ్ రోజున వాషింగ్టన్ మీద కూపర్ 180 గజాలు చేశాడు, అందులో ఒకే ఎత్తుగడలో వచ్చినవి 90. వరుసగా పది ఆటలు గెలిచి వచ్చిన న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ 13-10తో ఇక్కడ ఓడిపోయారు. మొత్తం తొమ్మిది ఆటల్లో కూపర్‌కు 53 క్యాచ్‌లు, 725 గజాలు, ఆరు టచ్‌డౌన్‌లు. ఎలియట్ 1,434 గజాల పరుగుతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఈ రెండు లెక్కలనూ విడివిడిగా చదవకూడదని నా అభిప్రాయం.

అయితే రిసీవర్ చేయలేనివి కూడా అదే సీజన్ చూపించింది. ఈగిల్స్‌పై ఆ విజయం వచ్చిన సరిగ్గా వారానికి ఇండియానాపొలిస్ కోల్ట్స్ కౌబాయ్స్‌ను 23-0తో ఓడించారు. సీజన్ తరువాత జరిగే నాకౌట్ ఆటలైన ప్లేఆఫ్‌లలో సియాటిల్ సీహాక్స్‌ను 24-22తో దాటాక, 2019 జనవరి 12న లాస్ ఏంజెలిస్ రామ్స్ చేతిలో 30-22తో ప్రయాణం ముగిసింది. ఆ రాత్రి రామ్స్ కేవలం పరుగు మీదనే 273 గజాలు చేశారు. తన జట్టు డిఫెన్స్ మధ్యలో గండి పడితే, అంచున నిలబడిన రిసీవర్ ఏమి చేయగలడు? అలాగే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస రెండు సెకన్లకే కూలిపోతే ఎంత అందమైన రూట్ అయినా నిష్ఫలమే. కాబట్టి కొత్త రిసీవర్ వచ్చాడని విన్నప్పుడు నేను ముందు ఆ జట్టు ముందు వరుస ఎలా ఉందో చూస్తాను.

మూల్యం మాటకు వస్తే, ఇదే కౌబాయ్స్ చరిత్రలో రెండు చేదు జ్ఞాపకాలు ఉన్నాయి. 2018లో మా సహోద్యోగుల అనుమానానికి మూలం అవే. 2000లో సియాటిల్‌కు రెండు మొదటి రౌండ్ వంతులు ఇచ్చి జోయ్ గాలొవేను తెచ్చుకున్నారు. మొదటి ఆటలోనే అతడి మోకాలు దెబ్బతిని సీజనంతా పోయింది. ఆ వంతులలో ఒకదానితో సియాటిల్ ఎంచుకున్న షాన్ అలెగ్జాండర్ 2005లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2008 అక్టోబరులో డెట్రాయిట్ నుంచి రాయ్ విలియమ్స్‌ను తెచ్చారు. రెండేళ్ల ముందు 1,310 గజాలు చేసిన ఆటగాడు, వట్టి పేరు కాదు. కానీ సరిగ్గా అతడు వచ్చే వేళకు క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో వేలు విరిగి కొన్ని ఆటలు బయట కూర్చున్నాడు. పది ఆటల్లో విలియమ్స్‌కు దక్కినవి 19 క్యాచ్‌లు, 198 గజాలు. కూపర్ కథనూ విలియమ్స్ కథనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇద్దరి మధ్య తేడా ప్రతిభ ఒక్కటే కాదని, కొత్తవాడికి తన క్వార్టర్‌బ్యాక్‌తో కలిసి గడిపే రోజులు దొరికాయా లేదా అన్నది కూడా అంతే ముఖ్యమని నాకు అనిపిస్తుంది.

డాలస్ బయట ఒక్క ఉదాహరణ మాత్రం చెబుతాను. 2020 మార్చిలో బఫలో బిల్స్ మిన్నెసోటా నుంచి స్టెఫన్ డిగ్స్‌ను తెచ్చుకున్నారు. అతడు ఆ ఏడాది 127 క్యాచ్‌లు, 1,535 గజాలతో రెండింటిలోనూ లీగ్‌లో మొదటివాడయ్యాడు. అంతకు ముందు ఏడాది విసిరిన బంతుల్లో 58.8 శాతం అందించగలిగిన క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ 69.2 శాతానికి చేరుకున్నాడు. ఆలెన్ సొంత కష్టాన్ని తక్కువ చేయలేము, కానీ అతడికి ఎప్పుడు చూసినా ఖాళీగా ఉన్న మనిషి ఒకడు దొరికాడు. ఇక మిన్నెసోటా, ఆ బేరంలో వచ్చిన మొదటి రౌండ్ వంతుతో జస్టిన్ జెఫర్సన్‌ను ఎంచుకుంది. అతడు తన మొదటి ఏడాదే 1,400 గజాలు చేశాడు. ఇద్దరికీ లాభం కలిగిన బేరాలు అరుదు, ఇది వాటిలో ఒకటి.

కూపర్ విషయంలో సబబా కాదా అంటే, నా లెక్క ఇది. 2020లో అతడికి ఐదేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. ఆ జీతం బరువైపోయి 2022 మార్చిలో క్లీవ్‌లాండ్‌కు పంపినప్పుడు డాలస్‌కు దక్కిన ముఖ్యమైన ప్రతిఫలం ఐదవ రౌండ్ వంతు మాత్రమే. ఆ చివరి బేరం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. మొదటి బేరం మాత్రం వేరు. డ్రాఫ్ట్‌లో ఓడినవారికి ముందు వంతు, గెలిచినవారికి వెనుక వంతు వస్తుంది. మూడు గెలుపులు, నాలుగు ఓటములతో ఉన్న రోజున కౌబాయ్స్ ఇచ్చిన వంతు ఎంత ముందుకైనా రావచ్చని ఓక్లాండ్ ఆశపడి ఉంటుంది. కూపర్ వచ్చాక జట్టు పది గెలుపులతో ప్లేఆఫ్‌లకు వెళ్లి అక్కడ ఒక ఆట గెలవడంతో, 2019 ఏప్రిల్‌లో ఓక్లాండ్ చేతికి అది 27వ వంతుగా అందింది. తనకోసం డాలస్ చెల్లించిన ధరను ఆ తొమ్మిది వారాల్లో కూపరే తగ్గించాడు.