లేత తెలుపు అనవచ్చా?

సందేహం: కొత్త ఇంటికి రంగులు వేయిస్తున్నాం. పెయింటర్ షేడ్ కార్డు ముందు పెట్టి ఐవరీనా, క్రీమా, బీజా, ఆఫ్‌వైటా అని అడుగుతున్నాడు. మా మామగారేమో "అన్నీ గోధుమ రంగే కదమ్మా, ఏదో ఒకటి కానివ్వండి" అంటున్నారు. ఇంత దగ్గర దగ్గర రంగులకు తెలుగులో వేర్వేరు పేర్లు లేవా? ఆఫ్‌వైట్‌ని 'లేత తెలుపు' అనవచ్చా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ముందు చివరి ప్రశ్న. అనకపోవడమే మంచిది. లేత, ముదురు అనేవి ఆకుల్నీ కాయల్నీ చూసి మనం రంగులకు తెచ్చుకున్న మాటలు. ఆకుపచ్చలో లేతా ఉంటుంది, ముదురూ ఉంటుంది. తెలుపు అలా కాదు, ఏ రంగునైనా లేత చేసుకుంటూ పోతే ఆఖరికి మిగిలేదే తెలుపు, ఇక దాన్ని ఎక్కడికని లేత చేస్తాం?

మరి ఏమనాలి అంటే, చిక్కు అక్కడే ఉంది. తెలుపు కాస్త తగ్గితే మనకు వెంటనే నోటికొచ్చేవన్నీ తప్పు పట్టే మాటలే: మాసిన తెలుపు, వెలిసిన తెలుపు, పాలిపోయిన తెలుపు. డబ్బులు పోసి గోడకు మాసిన తెలుపు ఎవరు వేయించుకుంటారు! సంస్కృతానికి పోదామా? అమరకోశం తెలుపుకు శుక్లం, శ్వేతం, ధవళం అంటూ 13 పేర్లు చెప్పి, ఆ వెంటనే కొద్దిగా పసుపు తగిలిన తెలుపుకు పాండు, పాండురం, హరిణం అని మూడు వేరే ఇచ్చి, ఆ పాండువు ఇంకా తగ్గితే ధూసరం అంటుంది. అంటే మీ పెయింటర్ చేతిలోని కార్డు లాంటిదే అక్కడా ఉంది. కానీ మీరు "పాండు రంగు వేయవయ్యా" అంటే అతను పాండురంగడి బొమ్మ వేయమన్నారనుకుంటాడు.

ఇంటి గోడల విషయంలో ఇన్ని పేర్ల అవసరం మనకు నిన్నమొన్నటిదాకా పెద్దగా రాలేదు. పండక్కి సున్నం కొట్టించడం, కింద జాజు పట్టె తీయడం, అంతే. 'వెల్ల వేయడం' అనే మాటలోనే తెలుపు ఉంది, వెల్లుల్లిలో ఉన్న వెల్ల అదే. అలాగని మన పెద్దవాళ్లకు ఛాయలు తెలియవనుకోవద్దు. సున్నం తొట్లో చిటికెడు నీలిమందు ఎందుకు కలిపేవాళ్లు? సున్నంలోని పసుపు జీర చావడానికి. ఈ 'జీర' అనే మాట గట్టిగా పట్టుకోండి. కళ్లలో ఎర్రజీర అంటాం చూడండి, అదే. ఇప్పుడు ఇంటీరియర్ వాళ్లు 'అండర్‌టోన్' అని నానా తంటాలు పడి చెప్పేదానికి ఇంతకన్నా మంచి మాట దొరకదు. మీ కార్డులో ఆ నాలుగు ముక్కలూ ఒకేలా కనిపించడానికి కారణం వాటి తెలుపు ఇంచుమించు ఒకటే కావడం, తేడా అంతా జీరలో ఉండటం. ఒక తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తే ఒకదాంట్లో పసుపు, ఇంకోదాంట్లో గులాబీ, మరోదాంట్లో ఆకుపచ్చ బయటపడతాయి. నా గదికి పగలు చూసి మీగడ రంగనుకుని వేయించింది రాత్రి లైటు వేసేసరికి గులాబీ తిరిగింది, ఇప్పటికీ అలాగే ఉంది.

పేర్లకు వస్తే, తెలుగువాడు ఇలాంటి రంగును వస్తువు పేరుతోనే పిలుస్తాడు. క్రీమ్ మీగడ రంగు. ఐవరీ దంతపు రంగు. చీరల కొట్లో గంధం రంగు, బిస్కెట్ కలర్, ముక్కుపొడుం రంగు అంటే అడిగినవాళ్లకీ ఇచ్చేవాళ్లకీ అనుమానం ఉండదు. బీజ్‌కి మాత్రం నిఘంటువులు 'లేత గోధుమ రంగు' అని సరిపెడుతుంటాయి. ఫ్రెంచిలో ఆ మాట మొదట రంగు అద్దని ఉన్ని బట్టకు పేరు. మనకూ అచ్చంగా అలాంటి మాటే ఉంది, కోరా. కోరా బట్ట తెలియని ఇల్లుందా? కాబట్టి బీజ్ అంటే కోరా రంగు. హిందీ నుంచి వచ్చిన మాటేగా అంటారేమో, వచ్చి మనదైపోయింది.

గ్రే సంగతి వేరు. బూడిద రంగు సరైన మాటే, కానీ గృహప్రవేశం చేసుకునే ఇంట్లో ఆ మాట అనడానికి పెద్దవాళ్లు జంకుతారు, అందుకే సిమెంట్ కలర్ అనేస్తారు. బాగా లేత గ్రే అయితే విభూది రంగు అనండి, బూడిదే గానీ గౌరవంగా ఉంటుంది. పశువుల దగ్గర ఇలాంటి రంగులకు 'మైల' అనే చక్కటి తెలుగు మాట ఉంది, మైల ఎద్దు అంటారు. గోడకు వాడమని మాత్రం నేను చెప్పను!

ఇక మీ మామగారి గోధుమ రంగు. బడి పుస్తకాల్లో బ్రౌన్‌కి గోధుమ రంగు అని రాయడంతో వచ్చిన తంటా ఇది. గోధుమ గింజను అరచేతిలో పోసుకుని చూడండి, అది మనం బ్రౌన్ అనుకునే రంగుకి ఆమడ దూరంలో ఉంటుంది. పుస్తకం చదివినవాడికి అది చాక్లెట్ రంగు, గింజ చూసినవాడికి దాదాపు బిస్కెట్ రంగు. పెయింటర్ ఏ రకమో మీకు తెలియదు కాబట్టి అతనితో ఆ మాట ఎత్తకండి. అసలు కొట్లో ఏ పేరూ చెప్పకండి, ఒకే పేరుతో ఒక్కో కంపెనీ ఒక్కో రంగు అమ్ముతుంది, కార్డు మీది నంబరు రాసివ్వండి. మామగారికి మాత్రం కోరా రంగు అని చెప్పండి, ఇట్టే అర్థమవుతుంది.