మల్లెపొదను ఎప్పుడు కత్తిరించాలి, ఎరువు ఎప్పుడు వేయాలి?

మీ ఆరేళ్ల మల్లెపొద ఏపుగా పెరుగుతున్నా పూలు గుప్పెడుకు మించడం లేదని, దానితోపాటు మందారాన్నీ పారిజాతాన్నీ ఒకేసారి కత్తిరించవచ్చా అని అడిగారు. గుంటూరులోని మా పెరట్లో నేనూ ఇదే ఇబ్బంది పడ్డాను. తప్పు పూర్తిగా నాదే. ఉగాదికి ముందు పెరడు శుభ్రం చేసే ఊపులో మార్చిలో పొదను కురచగా కత్తిరించి, త్వరగా కోలుకుంటుందన్న ఆశతో దోసెడు యూరియా వేశాను. మల్లె కొత్త చిగుళ్ల చివరనే మొగ్గ తొడుగుతుంది. ఆ చిగుళ్లను నేనే నరికేశాను. యూరియా బలమంతా ఆకుకే పోయింది. ఆ వేసవంతా మూర లెక్కన పూలు కొనుక్కున్నాం.

ఆ తరువాత పద్ధతి మార్చాను. నవంబరు చివరి నుంచి నీరు తగ్గిస్తూ డిసెంబరులో దాదాపు ఆపేస్తాను. మొక్క పెరుగుదల మందగించి కొంత ఆకు పండి రాలుతుంది. అది చూసి జాలిపడి నీరు పోయకూడదు. జనవరి మొదటి పక్షంలో పదునైన కత్తెరతో కొమ్మలన్నింటినీ నేల నుంచి సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించి, ఎండుపుల్లలనూ తెగులు సోకిన కొమ్మలనూ మొదలంటా తీసేసి, మిగిలిన ఆకును దూసేస్తాను. లావు కొమ్మల కోతలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు తెగుళ్ల మందును ముద్దగా కలిపి పూస్తాను.

పాదు మట్టిని వేర్లు తెగకుండా తిరగదీసి, పొదకు 10 కిలోల మాగిన పశువుల ఎరువుతోపాటు 65 గ్రాముల యూరియా, 375 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 100 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసి, మట్టి కప్పి, అప్పుడు నిండుగా నీరు పెడతాను. ఇది నేలలో పెరిగే పెద్ద పొదకు సరిపోయే మోతాదు. కుండీ మొక్కకు ఇంత వేస్తే వేర్లు మాడిపోతాయి. పూత అయిపోయాక జూన్, జూలై నెలల్లో పశువుల ఎరువు లేకుండా అవే రసాయనిక ఎరువులు మరోసారి వేస్తాను. చిగురు మొదలైన దగ్గర నుంచి మొగ్గ వచ్చేదాకా మాత్రం నీటి ఎద్దడి రానివ్వను.

మందారం సంగతి వేరు. అది దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది కనుక మోడుగా నరకవలసిన పని లేదు. చలి తగ్గుతున్నప్పుడు కొమ్మల చివర్లను మూడో వంతు తీసేస్తే చాలు. కత్తిరించిన కొమ్మలకు పిండినల్లి కనిపిస్తే వాటిని ఎరువు కుప్పలో వేయకండి, నేను ఒకసారి వేసి పెరడంతా పాకించుకున్నాను. పారిజాతం వానాకాలం నుంచి శీతాకాలం మొదటి వరకు పూస్తుంది కాబట్టి మీ చెట్టు ఇంకా పూస్తుంటే ఇప్పుడు దాని జోలికి వెళ్లవద్దు. పూత పూర్తిగా ఆగిన తరువాత ఫిబ్రవరిలో అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్మలను తీసి, మాగిన ఎరువు వేసి నీరు పెట్టండి.