మీటియర్ వెనక టైరు మారుస్తున్నారా? ముందు ఆ నాలుగంకెలు చూడండి

మీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బండి వెనక టైరు అరిగిపోయిందని, ముందుది ఇంకా బాగానే ఉందని, ఇద్దరూ కలిసి హైదరాబాద్ నుంచి విజయవాడ, శ్రీశైలం వైపు తరచూ వెళ్తుంటారని రాశారు. షాపతను 150 సైజు వేయించుకోమంటున్నాడు, మిత్రులేమో పెద్ద పెద్ద గడ్డలున్న ఆఫ్‌రోడ్ టైరు కొనమంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. అదే బండిని అవే దారుల్లో నడిపేవాడిగా చెబుతున్నాను, ఇద్దరి మాటా వినకండి.

ముందు మిత్రుల సలహా సంగతి చూద్దాం. మన దగ్గర బండి మీద దూరప్రయాణాలు చేసేవాళ్లలో నూటికి తొంభై మంది మనసులో లడఖ్‌ను పెట్టుకొని టైరు కొంటారు, నడిపేది మాత్రం విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద. గడ్డల టైరు మట్టిలో పట్టు ఇస్తుందన్నది నిజమే కానీ, తారు మీద ఆ గడ్డల మధ్య ఖాళీ ఉన్నచోటల్లా రోడ్డును తాకే రబ్బరే ఉండదు. దోమలపెంట దాటాక శ్రీశైలం ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో, అందులోనూ వానపడి తారు తడిసి ఉన్నప్పుడు, బండిని వంచితే మీకు కావలసింది నిండుగా రోడ్డును పట్టుకునే రబ్బరు, నీటిని పక్కకు తోసే గాడులు. పైగా ఆ టైరు హైవే మీద చేసే హోరు విజయవాడ చేరేదాకా చెవుల్లో ఉంటుంది, అరుగుదల కూడా ఎక్కువే.

ఇక 150 సైజు. మీ బండికి కంపెనీ ఇచ్చినది 140/70-17. అంటే వెడల్పు 140 మి.మీ., రిమ్ము అంచు నుంచి టైరు ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. దాని స్థానంలో 150/70-17 వేస్తే చక్రం వ్యాసం 14 మి.మీ. పెరుగుతుంది, అంటే ఏ గేరులోనైనా బండిని లాగే బలం రెండు శాతానికి పైగా తగ్గుతుంది. ఇరవై గుర్రాల శక్తి ఉన్న ఇంజిన్‌కు, వెనక మనిషీ సామానూ ఉన్నప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. అదీగాక 140కి తగ్గట్టు చేసిన రిమ్ములో వెడల్పు టైరును ఇరికిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుము పైకి ఉబ్బుతుంది, కాబట్టి చూడటానికి లావుగా ఉన్నా రోడ్డును తాకే భాగం మీరు ఆశించినంత పెరగదు. వెనక నుంచి చూసేవాళ్లకు బండి దిట్టంగా కనిపించడం తప్ప దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

సైజు తర్వాత ఉండే 66పీ అన్నదాన్ని ఎవరూ చదవరు. 66 అంటే ఆ టైరు 300 కిలోల దాకా మోయగలదని, పీ అంటే గంటకు 150 కి.మీ. వేగం దాకా తట్టుకుంటుందని అర్థం. బండి బరువే 191 కిలోలు. ఇద్దరు మనుషులు, రెండు సంచులు, పెట్టె కలిస్తే భారంలో పెద్దవాటా వెనక చక్రం మీదే పడుతుంది కనుక 66 కన్నా తక్కువ అంకె ఉన్న టైరు ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. మరొకటి, యమహా ఆర్15కు వచ్చేదీ 140/70 సైజే కాబట్టి షాపువాళ్లు దాన్ని కూడా చూపిస్తారు. కానీ దాని మీద 70కీ 17కీ మధ్య గీతకు బదులు ఆర్ అనే అక్షరం ఉంటుంది, అంటే అది రేడియల్, లోపలి దారాలు అడ్డంగా నేరుగా పోయే రకం. మీ బండికి కంపెనీ ఇచ్చినవి రెండూ బయస్ రకం, అంటే లోపలి దారాలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పోయేవి, కాబట్టి వెనకదీ బయస్ రకమే తీసుకోవడం మంచిది.

అసలు నేను చెప్పాలనుకున్న విషయం వేరే ఉంది. 2023 వానాకాలంలో వెనక టైరు కోసం హైదరాబాద్‌లో ఒక పేరున్న షాపుకు వెళ్లాను. యజమాని కుర్రాణ్ణి అటక ఎక్కించి, ప్లాస్టిక్ చుట్టిన విదేశీ టైరు ఒకటి దింపించి, "సార్, ఈ సరుకు మళ్లీ దొరకదు, మీకోసం రెండు వేలు తగ్గిస్తా" అన్నాడు. ప్లాస్టిక్ విప్పమన్నాను. విప్పి, టైరును నా ముందు నిలబెట్టి చేత్తో పట్టుకున్నాడు. తయారీ తేదీ చాలా టైర్ల మీద ఒక పక్కనే ఉంటుంది, నాకు చూపించిన పక్కన అది లేదు. తిప్పమంటే తిప్పడానికి అతనికి ఫోను అడ్డొచ్చింది. నేనే తిప్పి, కౌంటరు మీదున్న తడిగుడ్డతో దుమ్ము తుడిస్తే కోడిగుడ్డు ఆకారపు చట్రంలో 2319 అని కనిపించింది. మొదటి రెండంకెలు వారం, చివరి రెండూ సంవత్సరం, అంటే 2019 జూన్‌లో తయారైన టైరు. గాడులను బొటనవేళ్లతో విడదీసి చూస్తే అడుగున వెంట్రుకవాసి పగుళ్లు మొదలయ్యాయి, గోరుతో నొక్కితే రబ్బరు దిగలేదు. అదే మాట అంటే "రబ్బరే కదా సార్, పప్పా ఉప్పా పాడవడానికి?" అన్నాడు. ఉప్పు పాడవదన్న సంగతి అతనికి గుర్తుచేసి బయటికి వచ్చేశాను.

అతని అటక మీద ఆ సరుకు ఎందుకుందో ఊహించడం కష్టం కాదు. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టాక విదేశీ టూరింగ్ టైర్లు అరుదైపోయాయి, అరుదైన సరుకు ఎంత పాతదైనా మోజుపడి కొనేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. మీ వాడకానికి ఎంఆర్‌ఎఫ్, సియట్, అపోలో, టీవీఎస్ యూరోగ్రిప్‌లలో మీ సైజుకు, బరువు అంకెకు సరిపడే రోడ్డు టైరు ఏది దొరికినా చాలు. బ్రాండు కన్నా తేదీ ముఖ్యం. ఆరు నెలల లోపు తయారైన దేశీ టైరు నాలుగేళ్ల విదేశీ టైరును తడిరోడ్డు మీద ఓడిస్తుందని నేను పందెం కాస్తాను. ఆపాటి తాజా సరుకు తెప్పించమని అడిగితే షాపువాళ్లు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

ముందు టైరు బాగానే ఉందన్నారు కదా, దాన్నీ ఒకసారి వంగి చూడండి. టైరు పక్కన టీడబ్ల్యూఐ అనే అక్షరాలో చిన్న త్రికోణమో ఉంటుంది. దానికి సూటిగా గాడి అడుగున ఒక చిన్న గట్టు కనిపిస్తుంది. రబ్బరు అరిగి ఆ గట్టుకు సమానమైతే మార్చాల్సిందే. హైవే మీద తిన్నగా పోయే బండ్లకు టైరు మధ్యభాగమే అరిగి బల్లపరుపు అవుతుంది, అంచులు కొత్తవాటిలా నిగనిగలాడుతుంటాయి, వాటిని చూసే చాలామంది ఇంకో వేసవి లాగవచ్చనుకుంటారు.

గాలి గురించి కూడా చెప్పాలి. పెట్రోలు బంకుల్లో గాలి కొట్టే కుర్రాళ్లకు ఏ బండైనా ఒకటే లెక్క, మీటరు సరిగా చూపిస్తుందో లేదో అడిగే నాథుడు లేడు. మాన్యువల్‌లో ఒక్కరున్నప్పుడు ఎంత, ఇద్దరున్నప్పుడు ఎంత అని విడివిడిగా ఇస్తారు. సొంత గేజ్ ఒకటి కొనుక్కొని, పొద్దున్నే బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. నైట్రోజన్ కోసం డబ్బులు పోయకండి, మామూలు గాలిలో 78 శాతం అదే.

బిగించేది యంత్రం ఉన్న చోటే అయ్యుండాలి. టామీ రాడ్లతో, అంటే ఇనుప కడ్డీలతో, పెకిలిస్తే అల్లాయ్ రిమ్ము అంచు చెక్కుకుపోతుంది, ట్యూబ్‌లెస్ టైరుకు అక్కడి నుంచే గాలి సన్నగా పోతుంటుంది. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో మీరే చూడండి, బ్యాలెన్సింగ్ చేయించండి, వాల్వ్ కొత్తది వేయమనండి. కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు ఉంటుంది కాబట్టి మొదటి వంద కి.మీ. బండిని ఎక్కువగా వంచకుండా, గట్టిగా బ్రేకు వేయకుండా నడపండి. చక్రం ఎలాగూ బయటికి వస్తుంది గనుక చక్రం మధ్యలో కుదుపును తట్టుకునే హబ్ రబ్బర్లు, వెనక బ్రేకు ప్యాడ్లు కూడా అప్పుడే చూడమనండి, లేకపోతే వాటికోసం మళ్లీ విప్పినందుకు ఇంకోసారి కూలి అడుగుతారు.