సంతకం దగ్గర చెయ్యి వణుకుతోంది

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. నా 12వ ఏట నాన్న తన స్నేహితుడి చీటీకి షూరిటీ సంతకం పెట్టారు. పాడుకున్నాక ఆయన కట్టడం మానేస్తే, చీటీవాళ్లు వచ్చి మా గుమ్మంలో కూర్చున్నారు. అమ్మ గాజులు అమ్మేసింది. ఇప్పుడు బాచుపల్లిలో కడుతున్న ఫ్లాటు కోసం 60 లక్షల లోను అనుకున్నాం. రెండుసార్లు సంతకాల దాకా వెళ్లి నేనే లేచి వచ్చేశాను. నా జీతం 85 వేలు, మావారిది 95 వేలు. వాళ్ల నాన్న నిజాంపేటలో కొన్న స్థలం బాగా కలిసొచ్చిందట, మావారు 'నీ పిరికితనంతో రేట్లు చేయి దాటిపోతున్నాయి' అంటారు. నా మనసు ఏదైనా కీడు శంకిస్తోందా, లేక ఉత్త భయమా?
– పేరు వద్దు, కూకట్‌పల్లి

జవాబు: మీది పిరికితనం కాదమ్మా. ఆ మాట మీవారు ఇవాళే మానేయాలి. పన్నెండేళ్ల పిల్ల మనసులో సంతకానికీ అమ్మ బోసి చేతులకూ ముడి పడిపోయింది. అలాంటి ముడి బుద్ధి కంటే ముందు ఒంటికి తెలుస్తుంది. దడ, వణుకు ముందొస్తాయి, కారణాలు ఆ తర్వాత వెతుక్కుంటాం.

ఏ సంఘటన ఎంత తేలిగ్గా గుర్తొస్తే అది అంత తరచుగా జరుగుతుందని మనుషులు అంచనా వేసుకుంటారని ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో రాశారు. మీకు గుమ్మంలో కూర్చున్న మనుషులు గుర్తొస్తారు, మీవారికి నిజాంపేట స్థలం గుర్తొస్తుంది. ఆయన ధైర్యమూ మీ భయంలాగే ఒకే ఒక్క అనుభవం మీద నిలబడి ఉంది. ఈ సంగతి ఇద్దరూ కలిసి చదవండి.

ఇక మనసు మాట నమ్మాలా అన్నారు. దీని మీద కానెమన్, గ్యారీ క్లైన్ 2009లో తేల్చింది చాలా పనికొచ్చే విషయం. ఒక పనిలో తీరుతెన్నులు స్థిరంగా ఉండి, దాన్ని ఎన్నోసార్లు చేసి, తప్పో ఒప్పో ప్రతిసారీ వెంటనే తెలిసిన వాళ్ల స్ఫురణే నమ్మదగ్గది. ఏళ్ల తరబడి పసిపిల్లల వార్డులో చేసిన నర్సుకు అది ఉంటుంది. మీరు ఇంటి లోను ఇంతవరకు ఒక్కసారీ తీసుకోలేదు. కాబట్టి మీ వణుకు పాత గుర్తే, రాబోయేదాని సూచన కాదు. అయినా దాన్ని తోసేయకండి, ప్రశ్నలుగా మార్చండి.

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు నాన్నగారి సంతకం, కుడివైపు మీది. డబ్బు ఎవరి చేతికొచ్చింది? నెలనెలా కట్టాల్సింది ఎవరు? ఆగిపోతే ముందు ఎవరికి తెలుస్తుంది? చివరికి చేతిలో ఏం మిగులుతుంది? షూరిటీ పెట్టిన వాడికి బాకీదారుడితో సమానమైన బాధ్యత ఉంటుంది, డబ్బు మీద మాత్రం ఏ పట్టూ ఉండదు. నాన్నగారిని దెబ్బతీసింది అదే. మీ కేసులో కట్టేది మీరే. ఒక్క జాగ్రత్త: లోనులో మీ పేరు ఉంటే అప్పు మొత్తానికి మీరూ బాధ్యులు. అందుకని రిజిస్ట్రేషన్‌లోనూ మీ పేరు ఉండి తీరాలి.

లెక్కకొద్దాం. 60 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 52 వేలు. రెండు జీతాల మీద మూడో వంతు కూడా కాదు. మీవారి ఉద్యోగం పోతే మాత్రం మీ 85 వేలలో ఇల్లు గడవడానికి 33 వేలే మిగులుతాయి. ఇంటి ఖర్చు 45 వేలైతే, ఆరు నెలలకు ఈఎంఐ, ఇంటి ఖర్చు రెండూ కలిపి దాదాపు 6 లక్షలు. అది విడిగా ఎఫ్‌డీలో పడ్డాకే సంతకం. భయం అడిగినవాటిలో న్యాయమైనది ఇది. రెండోది, బిల్డరు కాగితాలు. ప్రాజెక్టుకు తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉందా, ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) సరిపోయాయా చూడండి. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా 10 శాతం మించి అడగడానికి రెరా చట్టం ఒప్పుకోదు. ప్రీ-లాంచ్ అంటూ నంబరు రాకముందే డబ్బు కట్టమంటే, అక్కడ మాత్రం లేచి వచ్చేయండి.

వణుకు సంగతి లెక్కలతో తీరదు, దానికి సాధన కావాలి. మొదటిసారి బ్యాంకుకు వెళ్లి కావలసిన కాగితాల జాబితా మాత్రం తెచ్చుకోండి. తర్వాత అగ్రిమెంటు నమూనా ఇంటికి తెచ్చి, రోజూ 20 నిమిషాలు చదవండి. మూడోసారి పెన్ను పట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చోండి, సంతకం వద్దు. వెళ్లే ముందు 'ఏం జరుగుతుందనుకుంటున్నాను' అని రాసుకుని భయానికి నూటికి మార్కులు వేయండి, తిరిగొచ్చాక ఏం జరిగిందో పక్కనే రాయండి. చాలామంది తప్పేది ఒక్కచోటే: దడ శిఖరాన ఉన్నప్పుడు లేచిపోతారు. వెంటనే హాయిగా ఉంటుంది, పారిపోవడమే కాపాడిందని మెదడు నేర్చుకుంటుంది, మర్నాటికి భయం ఇంకాస్త ముదురుతుంది. కాస్త దిగేదాకా కూర్చోండి. మీవారు పక్కనుంటే చాలు, 'ఏం కాదులే' అని పదేపదే అననక్కర్లేదు.

పాత దృశ్యాలు నిద్ర చెడగొడుతూ నెల దాటినా తగ్గకపోతే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ప్రభుత్వానిది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

ఇదంతా మొదలుపెట్టే ముందు నాన్నగారిని ఒకటి అడగండి. ఆ బాకీ మొత్తం ఎంత, ఎన్నాళ్లకు తీరింది? మీకు గుమ్మంలో కూర్చున్న మనుషులే గుర్తున్నారు, వాళ్లు ఆఖరిసారి లేచి వెళ్లిన రోజు గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు.