బుడ్డోడి సదరం గురించి

చిరంజీవి అమ్మాయికి, మీ పెదనాయన ఆశీర్వదించి రాయునది.

బుడ్డోడికి చెవులు సరిగ్గా వినబడవు కదా, వాడి వికలాంగుల పింఛను ఎన్ని రోజులకొస్తుందని నిన్న ఫోన్లో అడిగావు. రోజులు ఎవరూ చెప్పలేరమ్మా. కాయితం ఎవరి బల్ల మీద ఆగిందో తెలిస్తే మాత్రం సగం టెన్షన్ తగ్గుతుంది.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాయితం వేరు, పింఛను వేరు. మొదటిది అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టర్లు చూసి ఇస్తారు. రెండోది ప్రభుత్వం మంజూరు చేయాలి. నలభై శాతం పైన రాసిన సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, కొత్త దరఖాస్తులు తీసుకోమని పైనుంచి చెప్పేదాకా సచివాలయంలో ఆ వెల్ఫేర్ అసిస్టెంట్ ఏమీ చేయలేడు. ఆ పిల్లగాడి మీద అరవొద్దు. రేపు నెలకు ఆరు వేలు మంజూరైతే ఒకటో తారీఖున ఇంటికి తెచ్చిచ్చేది వాళ్లే.

ముందు సదరం పరీక్షకు స్లాట్ సంగతి చూడు. మీసేవలోనో సచివాలయంలోనో స్లాట్లు వదిలారని తెలిసిన రోజే పొద్దున్నే పో, సాయంత్రానికి మిగలవు. ఆధార్‌లో పిల్లోడి పేరు, పుట్టినతేదీ తప్పుంటే ఇప్పుడే దిద్దించు.

చెవులకు బేరా అని వినికిడి ఎంతుందో చూసే పరీక్ష రాస్తారు. పిల్లోడు నిద్రపోతేనే తలకు వైర్లు అతికించి చేస్తారు. అందుకని ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పెందలాడే లేపు. ఉరవకొండ నుంచి వచ్చేటప్పుడు బస్సులో మాత్రం కునుకు తీయనివ్వొద్దు, కిటికీ పక్కన కూర్చోబెట్టి ఏదో ఒకటి చూపిస్తా ఉండు. బస్సులోనే నిద్రపోయాడంటే ఆసుపత్రిలో ఆడుకుంటాడు, పరీక్ష ఇంకో రోజుకు పోతుంది. పాలసీసా, వాడు రోజూ కప్పుకునే దుప్పటి మర్చిపోవద్దు.

వైకల్య ధ్రువపత్రం ఇవ్వడానికి చట్టంలో గడువుంది. మునుపు నెల ఉండేది, 2024లో నిబంధనలు మార్చి మూడు నెలలు చేశారు. తగ్గించాల్సింది పోయి పెంచారు, ఏం చెప్తాం! ఆ గడువు దాటితే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కు అర్జీ ఇయ్యి, రసీదు నంబరు రాయించుకో. నోటిమాటగా అడిగినదానికి లెక్కుండదు. శాతం తక్కువ వేశారనిపిస్తే ఆలస్యం చేయకుండా అప్పీలు చేసుకోవచ్చు. పాత రిపోర్టులన్నీ అప్పుడే అక్కరకొస్తాయి, ఒక్క చీటీ కూడా పారేయొద్దు.

సర్టిఫికెట్ టెంపరరీదా పర్మనెంటుదా అని చేతికిచ్చిన రోజే చూసుకో. టెంపరరీదైతే గడువు తేదీ క్యాలెండరులో రాసిపెట్టి, ముందే మళ్లీ స్లాట్ తీసుకో. శాతం ఎక్కువ వేయిస్తానని ఆసుపత్రి గేటు దగ్గర తగులుకునేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. 2025లో పింఛనుదారుల్ని మళ్లీ పరీక్షలకు పిలిచి, శాతం తక్కువొచ్చిందని ఎంతమందికి నోటీసులిచ్చారో చూశావు కదా.

ఇంకొకటి, నాకైతే ఇదే అసలు పని. పింఛను ఆలస్యమైతే డబ్బు ఆలస్యమవుతుంది, అంతే. మాటలు నేర్చే వయసు దాటిపోతే మళ్లీ రాదు. చెవి మిషను పెట్టించడానికి, మాటల శిక్షణ మొదలుపెట్టడానికి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగొద్దు. చెవి డాక్టరును ఈ వారమే కలువు. చెవిలోపల వినికిడి పరికరం అమర్చే కాక్లియర్ ఆపరేషన్ అవసరమంటే ఆరోగ్యశ్రీలో, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, చిన్నపిల్లలకు చేస్తారు. దానికి వయసు చూస్తారు కాబట్టి మొదటిరోజే అడుగు. ఇలాంటి పిల్లలకు శిక్షణ ఇచ్చే భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుందో బడిలో సార్లకు తెలుస్తుంది.

స్లాట్ దొరికిన రోజు నాకు ఫోన్ చెయ్యి. బస్టాండుకు వస్తా. ఆధార్ జిరాక్సులు రెండు సెట్లు ఎక్కువే తెచ్చుకో, ఆసుపత్రి దగ్గర జిరాక్స్ షాపులో ఆ రోజు మనిషి మీద మనిషి ఉంటారు.

ఇట్లు,
మీ పెదనాయన